లేచేటప్పుడు చదివే ఫైలు

ఉంగరాలు, వాచీలు, ఫోన్లు, కాగితం ముక్కలు ఏవీ లోపలికి తీసుకెళ్లకూడదని పరీక్ష హాలు బయట గోడ మీద రాసి ఉంది, అవన్నీ పదీ నలభై అయిదుకి లాకర్లో పెట్టాలి, ఇప్పుడింకా పదే, కాబట్టి ఫోన్ సర్వరమ్మ ఒళ్లోనే ఉంది. ఆ పేరు ఆసుపత్రి ల్యాబ్ వాళ్లు పెట్టింది. మొదట్లో చాటున అనేవాళ్లు, తర్వాత మొహం మీదే అన్నారు, ఇప్పుడు సూపరింటెండెంట్ గారు కూడా ఉత్తరాల్లో తప్ప అసలు పేరు వాడరు. ఇరవై రెండేళ్లుగా ఆసుపత్రి సర్వర్ ఆమె చేతిలో ఉంది, రోగుల పేర్లు, రక్తపరీక్షలు, ఏ వార్డులో ఏ మంచం ఖాళీ, అన్నీ అందులోనే. ఇవాళ ఆమె యూనిక్స్ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ సర్టిఫికెట్ పరీక్ష రాయడానికి వచ్చింది, మూడోసారి. పాసయితే సర్వర్ తాళం, అంటే రూట్ పాస్‌వర్డ్, ఆమె దగ్గరే ఉంటుంది. కాకపోతే నెలాఖరుకి దాన్ని బయటి కంపెనీకి అప్పజెప్పి ఆమె ప్రింటర్లు చూసుకోవాలి. ఉత్తరంలో ప్రింటర్ల పర్యవేక్షణ అని రాశారు. అది చదివి భర్త "పర్యవేక్షణ అంటే కాగితం ఇరుక్కుంటే లాగడమేగా" అన్నాడు, నవ్వించాలనే అన్నాడు, ఆమె నవ్వింది కూడా, నవ్వాక గిన్నెలు కడగడానికి వెళ్లి కుళాయి తిప్పి నీళ్లు పోతుంటే అలాగే నిలబడింది.

అసలు ఈ టైముకి ఆమె ఆసుపత్రిలో ఉండాలి. మెయిన్ కరెంటు ప్యానెల్ మారుస్తున్నారు, వార్డులకి జనరేటర్ లైను వేరే ఉంది, కంప్యూటర్ గదికి లేదు, తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా ఆ గదికి కరెంటుండదు. అంటే సర్వర్ ఇప్పుడు ఆగి ఉంది. ఆ మాట మనసులో అనుకోవడానికి కూడా ఆమె జంకింది, ఆగి ఉంది, రెండు వేల రెండు వందల పదకొండు రోజుల తర్వాత. నిన్న ఇంటికొచ్చే ముందు ఆ అంకె చూసుకుంది, చూసి తెర ఆపేసి, మళ్లీ తెర వేసి ఇంకోసారి చూసుకుంది. పరీక్ష తేదీ రెండు నెలల కింద తీసుకున్నది, ప్యానెల్ పని సంగతి పోయిన వారం చెప్పారు, రెండూ ఒకే ఆదివారం పడ్డాయి. పరీక్ష మార్చుకుంటే మళ్లీ తేదీ దొరికేది నెలాఖరు దాటాకే. పని మార్చుకోమంటే ఎలక్ట్రీషియన్ "సర్వరమ్మగారూ, ఆదివారం మీ మిషన్‌కి కాదు సెలవు, మాకు. అది పోగొట్టుకుని వస్తున్నాం" అన్నాడు, అతని మాటా నిజమే. కాబట్టి కరెంటు రాగానే బటన్ నొక్కడానికి ల్యాబ్ అక్కని పెట్టింది. ల్యాబ్ అక్క ముప్పై ఏళ్లుగా రక్తం తీస్తోంది, నెలల పిల్లల చేతుల్లో కూడా మొదటి పోటుకే నరం పట్టుకుంటుంది, కంప్యూటర్ అంటే మాత్రం ఆమడ దూరం. "ఏ బటనో చూపించు, నొక్కుతా. తర్వాత అది ఏడ్చినా నవ్వినా నాకు సంబంధం లేదు" అంది. అక్కతో పాటు బయటి కంపెనీ మనిషి కూడా ఉంటాడు. ఆరేళ్లుగా ఆగని మిషన్ ఎలా లేస్తుందో చూస్తానని అడిగి మరీ వచ్చాడు. అతని చేతిలో పాస్‌వర్డ్ లేదు, చూడటం వరకే.

లేవడానికి దానికి పదకొండు నిమిషాలు పడుతుంది, పాతది, ముందు తన జ్ఞాపకమంతా లెక్కపెట్టుకుంటుంది, తర్వాత డిస్కులు ఒక్కొక్కటే. ఆరేళ్ల కింద ఒకసారి పదకొండు నిమిషాల్లో లేవాల్సింది నాలుగు గంటలు లేవలేదు. ఆపరేషన్ థియేటర్ బయట మంచాల మీద ఇద్దరున్నారు, వాళ్ల పరీక్షల కాగితాలు అందులో ఉన్నాయి, సూపరింటెండెంట్ గారు ఆమె కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడ్డారు, ఒక్క మాట అనలేదు. తిట్టుంటే బావుండేది. ఆ రోజు నుంచి ఆమె దాన్ని ఆపలేదు, ఏది చెడినా నడుస్తుండగానే బాగుచేసింది, దారి మూసుకుంటే చేత్తో తెరిచింది, డిస్కు నిండితే చేత్తో ఇంకోటి తగిలించింది. చేత్తో చేసినవన్నీ ఆ పూటకి మిషన్ బుర్రలో ఉంటాయి, ఆపితే పోతాయి, ఆపకపోతే ఎందుకు పోతాయి. ఆమెకి పని నేర్పిన పెద్దాయన కూడా అదే చెప్పేవాడు, నడుస్తున్నదాని జోలికి వెళ్లకమ్మా అని. ఆయన రిటైరయి వెళ్తూ ఆమెకిచ్చింది ఒక స్క్రూడ్రైవరూ ఆ ఒక్క మాటా. స్క్రూడ్రైవర్ ఎక్కడో పోయింది.

పరీక్ష సరిగ్గా ఆ మాటనే పట్టుకుంటుంది. రెండున్నర గంటలు, పదిహేడు పనులు, ఒక మిషన్ ఇస్తారు, అన్నీ దాని మీద నిజంగా చేసి చూపించాలి. టైము అయ్యాక మనుషులెవరూ దిద్దరు, ఆ మిషన్ని రీబూట్ చేస్తారు, అంటే ఆపి మళ్లీ లేపుతారు, లేచాక దానంతటది ఏది నిలబడి ఉంటే దానికే మార్కులు. మొదటిసారి ఆమె పదిహేడూ పూర్తి చేసి, రెండుసార్లు సరిచూసుకుని, అరగంట ముందే బయటికొచ్చి మెట్లు దిగుతూ కూతురికి ఫోన్ చేసి పాసయినట్టేనని చెప్పింది. మూడు వందలకి సున్నా వచ్చింది. మిషన్ లేచేటప్పుడు చదువుకునే ఫైలు ఒకటుంటుంది, ఏ డిస్కుని ఎక్కడ తగిలించాలో లైనుకొకటి రాసి ఉంటుంది అందులో, ఆమె రాసిన లైన్లో ఒక్క అక్షరం తప్పు, మిషన్ దాని దగ్గర ఆగిపోయి ఇక లేవలేదు. లేవని మిషన్‌కి మార్కులుండవు. ఇరవై రెండేళ్లు చేసిన పనికి సున్నా అని కాగితం మీద చూసుకోవడం ఒక రకంగా ఉంటుంది, ఏడుపు రాదు, కోపం రాదు, ఇంటి తాళం తీయబోయి అది పక్కింటి తలుపని తెలిసినట్టుంటుంది. రెండోసారి నూట ఎనభై ఏడు, రెండు వందల పది రావాలి. ఆసారి మిషన్ లేచింది, ఆమె మొదలుపెట్టిన ప్రోగ్రాముల్లో నాలుగు లేవలేదు. మొదలుపెట్టింది గానీ, లేచిన ప్రతిసారీ మొదలవ్వమని వాటికి చెప్పలేదు.

పదీ పన్నెండు. గోడ గడియారం కింద హాలు గుమాస్తా కూర్చుని ఉన్నాడు, కళ్లజోడు దారానికి కట్టి మెళ్లో వేసుకున్నాడు, దారం పాతది, ముక్కు మీద పట్టు వదులైంది, ఆమె భర్త చూస్తే ఆగడు, ఇలా ఇవ్వండి సార్ అని లాక్కుని బిగించి ఇస్తాడు. భర్తది కళ్లద్దాల షాపు. ఆమెకి చదువు చెప్పడానికి అతనికి తెలిసిన దారి ఒకటే, అట్ట మీద కమాండ్లు పై లైను పెద్దక్షరాలతో, కింది కింది లైన్లు చిన్నక్షరాలతో రాసి వంటింటి గోడకి తగిలించాడు, పొయ్యి దగ్గర నిలబడి చదవమంటాడు. "పై నుంచి చదువు. ఎడమ కన్ను మూసుకోనక్కర్లేదులే." అతనికి వాటి అర్థం ఒక్కటి తెలీదు, ఒక్కో అక్షరం వేలితో చూపిస్తాడు, ఆమె అది ఏం చేస్తుందో చెప్తుంది, చెప్పింది తప్పో ఒప్పో అతనికి తెలియదు కాబట్టి ఆమె మొహం చూసి మార్కులు వేస్తాడు. చివరి లైను ఆమెకి కళ్లజోడు పెట్టుకున్నా సరిగ్గా కనిపించదు, నలభై ఎనిమిదేళ్లు, నంబరు మారిందని అతను రెండు నెలలుగా అంటున్నాడు, పరీక్ష అయ్యాక చూద్దామని ఆమె అంటోంది. పరీక్ష అయ్యాక చాలా ఉన్నాయి. పరీక్ష అయ్యాక పన్ను పీకించుకోవాలి, పరీక్ష అయ్యాక చెల్లెలింటికి వెళ్లాలి, చెల్లెలు మాట్లాడటం మానేసి నెలయింది, "నీకు ఆ మిషన్ కంటే ఎక్కువెవరే" అని పెట్టేసింది.

కూతురిది ఇంకో దారి. కూతురిది కంప్యూటర్ చదువు కాదు, ఏదో భూగర్భం, రాళ్లు, కానీ ఈ కాలం పిల్లలకి ఇవన్నీ చేతికొస్తాయి, ఒక సాయంత్రం కూర్చుని తల్లికి ఒక ఉత్తుత్తి సర్వర్ తయారుచేసిపెట్టింది, కంప్యూటర్ లోపల కంప్యూటర్, ఒక నల్ల కిటికీలో నడుస్తుంది, దానికి బొమ్మ అని పేరు పెట్టింది. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చింది, ఇంట్లో చెయ్యొచ్చు, ఆఫీసులో ఖాళీ దొరికితే అక్కడా చెయ్యొచ్చు. "దీన్ని ఎన్నిసార్లయినా చంపుకో అమ్మా. ఒక్క నొక్కుతో మళ్లీ మొదటి రోజుకి వెళ్లిపోతుంది." సర్వరమ్మ అన్నీ చేసి రీబూట్ అని టైపు చేసి ఎంటర్ దగ్గర ఆగిపోయింది. కూతురు పక్కన నిలబడి జడ అల్లుకుంటూ చూసింది. "నొక్కమ్మా. ఎవరూ చావరు." నొక్కలేదు. కూతురే వంగి మోచేత్తో నొక్కింది. మొదటి నెలంతా అలాగే, ఎవరో ఒకరు వచ్చి నొక్కాలి, భర్త కూడా షాపు మూసి వచ్చి చెప్పులు విప్పకుండానే "ఏదీ, ఎక్కడ నొక్కాలి" అనేవాడు. రెండో నెల తనే నొక్కడం నేర్చుకుంది, నొక్కి వంటింట్లోకి వెళ్లిపోయేది, అన్నం వంపి వచ్చేసరికి బొమ్మ లేచి ఉండేది, లేవకపోతే ఎక్కడ తప్పో వెతికేది. దానికి పదకొండు నిమిషాలు పట్టదు, ఇరవై సెకన్లు.

అలసట ఎక్కడుందో చూపించమంటే ఆమె మెడ వెనక చూపిస్తుంది, తర్వాత కాదు కాదు ఇక్కడ అని ఇంకో చోటు చూపిస్తుంది. నాలుగున్నరకి లేచి ఆరు దాకా బొమ్మ, ఆరు నుంచి ఇల్లు, తొమ్మిది నుంచి ఆసుపత్రి. ఇంట్లోనూ అంతే, ఏదీ రాసి లేదు, మామగారి మాత్రల్లో తెల్లది పొద్దున, పొడుగుది అన్నం తిన్నాక, గ్యాస్ ఎప్పుడు అయిపోతుందో సిలిండర్ కదిపితే తెలుస్తుంది, పాలవాడు మంగళవారం రాడు, ఇవన్నీ ఆమె బుర్రలో నడుస్తుంటాయి. మొదటిసారి పరీక్షకి వెళ్లిన రోజు మామగారు తెల్లమాత్ర రెండుసార్లు వేసుకుని సాయంత్రం దాకా నిద్రపోయాడు, లేచి "ఇంత మంచి నిద్ర పట్టి పదేళ్లయింది, నువ్వు రోజూ పరీక్షకి వెళ్లమ్మా" అన్నాడు. ఈ మూడు నెలల్లో ఆమె చేసిన అసలు పని పరీక్షకి చదవడం కాదు, చదువుతున్నకొద్దీ ఆసుపత్రి మిషన్లో ఆరేళ్లుగా చేత్తో చేసినవి ఒక్కొక్కటే గుర్తొచ్చి వాటిని ఫైళ్లలోకి ఎక్కించడం. నలభై ఒకటి తేలాయి. నోటు పుస్తకంలో అంకెలు వేసుకుని ఒక్కొక్కటి రాసి కొట్టేసింది. నలభై ఒకటీ కొట్టేసింది. కానీ కొట్టేసినవి నిజంగా నిలబడతాయా అంటే ఆపి లేపితే తప్ప తెలీదు, దాన్ని ఆపే ధైర్యం ఆమెకి లేదు, ఇప్పుడు ఎలక్ట్రీషియన్ ఆపాడు, ఆమె ఇక్కడుంది.

పదిన్నర అయింది. పదీ ముప్పై అయిదు. గుమాస్తా దగ్గాడు. ఇప్పుడు జ్ఞాపకం లెక్కపెట్టుకుంటూ ఉంటుంది, ఇప్పుడు మొదటి డిస్కు, ఆ డిస్కు తిరగడం మొదలెట్టేటప్పుడు ఒక మూలుగు వస్తుంది, కంపెనీ మనిషి అది విని కనుబొమ్మలెత్తుతాడు, ఎత్తనీ. పదీ నలభై. ఫోన్ మీద వేళ్ల చెమట అంటుకుంది. పదీ నలభై మూడుకి ల్యాబ్ అక్క ఫోన్ చేసింది.

"లేచిందమ్మాయ్."

"ఏం లేచింది? తెర మీద ఏం రాసుందక్కా?"

"నువ్వు రాసిచ్చిందే ఉంది. పేరు అడుగుతోంది. నేను ల్యాబ్‌కి వెళ్లి నా దాంట్లో తెరిచి చూశా, వచ్చింది. ఎమర్జెన్సీ వార్డు వాళ్లనీ అడిగా, వచ్చిందన్నారు. ఈయన కూడా తల ఊపుతున్నాడు. ఇంక పెట్టేయ్, పోయి పరీక్ష రాసుకో. వినపడుతోందా?"

వినపడింది. ప్రాణం కుదుటపడింది, ఫోన్ మీది చెమట తుడిచింది. నలభై ఒకటీ నిలబడ్డాయి. భర్తకి చెప్దామనుకుంది, ఆదివారం షాపులో గిరాకీ ఉంటుంది, తర్వాత చెప్పొచ్చు. నలభై అయిదుకి గుమాస్తా పిలిచాడు, ఉంగరం, వాచీ, ఫోన్ లాకర్లో పెట్టి తాళం చెవి అతనికిచ్చి, చేతులు చాపి చూపించి, పుస్తకంలో సంతకం పెట్టి లోపలి వరసలో కుర్చీలో కూర్చుంది. అక్కడ కిటికీ లేదు, ఎదురుగా తలుపు ఒకటే, పదకొండుకి తెరిచి వెంటనే మూస్తారు. కళ్లు మూతలు పడుతున్నాయి. మూడు నెలల నిద్ర ఒక్కసారి మీదకొచ్చినట్టుంది, ఇప్పుడు పరీక్ష ఎలా అయినా ఫరవాలేదనిపించింది, మిషన్ లేచింది, తను రాసినవి చదువుకుని తనంతట తను లేచింది, ఆ లైన్లు ఒక్కొక్కటీ ఆమెకి కళ్ల ముందు కదిలాయి, లైనుకి ఆరు ముక్కలు, ఏ డిస్కు, ఎక్కడ, ఏ రకం, ఎలా, చివర రెండు సున్నాలు, పాత డిస్కులవి పంతొమ్మిది లైన్లు, వాటి కింద గురువారం రాసిన ల్యాబ్ పెట్టెది ఇరవయ్యోది. గురువారం ల్యాబ్‌కి కొత్త డిస్కుల పెట్టె వచ్చింది, రక్తపరీక్షల రిపోర్టులన్నీ పాత దాంట్లోంచి అందులోకి వేశారు, నాలుగున్నరకి ఆమె చేత్తో కమాండ్ కొట్టి తగిలించింది, ల్యాబ్ అక్క కారిడార్ అవతల నుంచే "వచ్చాయి, వచ్చాయి, అన్నీ వచ్చాయి" అని అరిచింది, అప్పుడు ఆమె ఇక వెంటనే, మూడు నెలల అలవాటు, ఫైలు తెరిచి కిందికి దిగి లైను రాసింది, రాసింది బాగా గుర్తుంది, రెండు సున్నాలు కొట్టిన చప్పుడు కూడా గుర్తుంది, సేవ్ చేసింది, చేశాక కుర్చీలో వెనక్కి వాలి చూసుకుంది, చూసుకుంటే లైను మధ్యలో ఎక్కడో ఉంది, పైన నాలుగు లైన్లున్నాయి, కింద తెరంతా ఖాళీ.

నాలుగు.

పంతొమ్మిది ఉండాలి. పంతొమ్మిది ఉంటే తెర అడుక్కి దిగుతుంది. మధ్యాహ్నం అన్నం తింటూ ప్రాక్టీసు చేసింది గురువారం, మూయలేదు, రెండు నల్ల కిటికీలు పక్కపక్కనే ఉన్నాయి, రెండిట్లోనూ తెల్లక్షరాలు, ఎడమ దాని మూలన ఆసుపత్రి మిషన్ పేరు, కుడి దాని మూలన బొమ్మ. ఆమె మూల చూడలేదు. ఇప్పుడు చూస్తోంది, ఈ కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, గురువారం నాటి తెర మూలన, బొమ్మ అనే ఉంది. అయిదింటికి దాన్ని మొదటి రోజుకి తిప్పేసి ఇంటికొచ్చింది. ల్యాబ్ పెట్టె లైను ప్రపంచంలో ఎక్కడా లేదు.

మిషన్‌కి ఆ సంగతి తెలీదు, అదే గొడవ. రిపోర్టులుండే చోటు గోడలో తలుపు లాంటిది, పెట్టె తగిలిస్తే తలుపు వెనక గది, తగిలించకపోతే జానెడు గూడు. గది లేదని మిషన్ చెప్పదు, రిపోర్టు ఇస్తే తీసుకుని గూట్లో పెడుతుంది, అడిగితే గూట్లోంచి తీసి చూపిస్తుంది. ల్యాబ్ అక్క తెరిస్తే తెరుచుకుంటుంది, ఎమర్జెన్సీ వార్డుకీ తెరుచుకుంటుంది. పాత రిపోర్టు కావాలన్నవాళ్లకి మాత్రం ఏమీ ఉండదు, మొన్న ఈ రోగికి రక్తం ఎంతుందో చూద్దామన్న డాక్టర్‌కి ఈ రోగికి పరీక్షే చెయ్యలేదని కనిపిస్తుంది. రేపు ఎవరో కనిపెట్టి పెట్టె తగిలిస్తే గది వస్తుంది, గూడు దాని వెనక మూసుకుపోతుంది, ఇవాళ్టి రిపోర్టులన్నీ గూట్లో ఉండిపోతాయి. ఎవరూ వెతకరు, గూడుందని తెలిసినవాళ్లు తను తప్ప లేరు.

పదీ యాభై. పరీక్ష అయ్యాక వెళ్లి చెయ్యొచ్చు. ఒంటిగంటన్నరకి అయిపోతుంది, రెండింటికల్లా ఆసుపత్రిలో ఉంటుంది, కంపెనీ మనిషి అప్పటికి వెళ్లిపోతాడు, గూట్లోవి తీసి పెట్టె తగిలించి వాటిని అందులో వేసేస్తే చీమకి కూడా తెలీదు. మూడు గంటలు. ఆదివారం మూడు గంటల్లో ఎమర్జెన్సీకి ఎంతమంది వస్తారు. ఆ లెక్క ఆమెకి తెలుసు, ఆ లెక్క కూడా ఆ మిషన్లోనే ఉంది, పదిహేను నుంచి ఇరవై. అందులో పాత రిపోర్టు అవసరమయ్యేవాళ్లు నలుగురయిదుగురు. లేకపోతే ఒక్కరు. ఆమె లేచి గుమాస్తా దగ్గరికి వెళ్లింది.

"నా ఫోన్ కావాలండి."

"సంతకం పెట్టారుగా."

"పెట్టాను. ఆసుపత్రి పని. అయిదు నిమిషాలు."

అతను కళ్లజోడు ముక్కు మీదకి తోసుకుని ఆమెని చూశాడు. "మేడమ్, ఇక్కడికి వచ్చేవాళ్లలో సగం మందికి చివరి అయిదు నిమిషాల్లో ఎవరో ఒకరు ఆసుపత్రిలో ఉంటారు. పుస్తకం వాళ్లింట్లో ఉంటుంది, ఫోన్లో చదివించుకుంటారు."

"నా పక్కనే నిలబడి వినండి."

అతను నిజంగానే వచ్చి పక్కన నిలబడ్డాడు, తాళం తీశాడు. "పదకొండుకి తలుపేస్తా. మీరు లోపలుంటే లోపల, బయటుంటే బయట." ల్యాబ్ అక్క ఆరో రింగుకి ఎత్తింది.

"నువ్వింకా బయటే ఉన్నావా?"

"అక్కా, ల్యాబ్ పెట్టె రాలేదు. ఒకసారి నిన్నటి రిపోర్టు ఏదైనా తెరువు."

"అన్నీ బానే ఉన్నాయే... ఉండు." చెప్పుల చప్పుడు, తలుపు చప్పుడు. "ఏమీ లేవేంటి? నిన్నటివి లేవు. మొన్నటివీ లేవు. అమ్మాయ్, ముప్పై వేల రిపోర్టులు!"

"పోలేదు, ఉన్నాయి, కంగారుపడకు. మిషన్ లేచాక పెట్టినవి కనిపిస్తున్నాయా?"

"ఏడు కనిపిస్తున్నాయి. నేను ఏం నొక్కాలో చెప్పు. ఆగు, స్పీకర్‌లో పెడతా, చేతులు ఖాళీ చేసుకుంటా. ఈయన కూడా వచ్చాడు ఇక్కడికే."

గోడ గడియారం పదీ యాభై మూడు. ల్యాబ్ అక్కకి ఒక్కో అక్షరం చెప్పి కొట్టించొచ్చు, అడ్డగీత ఎటు వాలి ఉంటుందో చెప్పాలి, పెద్దక్షరమా చిన్నక్షరమా చెప్పాలి, తప్పు కొడితే మళ్లీ మొదలు, ఆ ఫైల్లో తప్పంటే ఏమిటో ఆమెకి తెలుసు, సున్నా. ఏడు నిమిషాల్లో అవదు. ఇంకో దారి అక్క పక్కనే నిలబడి వింటోంది.

"అక్కా, ఫోన్ ఆయనకివ్వు. కంప్యూటర్ గదిలోకి వెళ్లమను."

"ఆయనకా?" అంది ల్యాబ్ అక్క, గొంతు తగ్గించింది గానీ స్పీకర్ అలాగే ఉంది. "పిల్లీ ఎలకా అన్నట్టున్నారుగా మీరిద్దరూ."

"ఇవ్వక్కా."

కంపెనీ మనిషి గొంతు ఆమె అనుకున్నదానికంటే చిన్నది. "చెప్పండి మేడమ్. పెట్టె తగులుకోలేదు, మౌంట్ అవలేదు కదా, చూశాను."

"నేనే రాయలేదు. గురువారం చేత్తో తగిలించాను, లైను వేరే మిషన్లో రాశాను." నవ్వుతాడనుకుంది, నవ్వలేదు, ఆ గదిలో ఫ్యాన్ల హోరు వినిపించింది, ఆమె గది. "పాస్‌వర్డ్ చెప్తాను."

"నాకా? నెలాఖరు దాకా మీదే కదా. అక్కతో కొట్టిస్తాను, నేను అటు తిరుగుతాను కావాలంటే."

"టైము లేదు. రాసుకోండి."

చెప్పబోయింది, నోట్లోకి రాలేదు. ఆరేళ్లుగా రోజుకి పదిసార్లు కొట్టిన పద్నాలుగు అక్షరాలు, మొదటిదేమిటో తెలీదు. ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు, తనకి తను కూడా చెప్పుకోలేదు, అది వేళ్లలో ఉంది, నోట్లో లేదు. సూపరింటెండెంట్ గారి బీరువాలో కవర్లో సీలు వేసి ఉంది, ఆ తాళం ఆయన జేబులో, ఆయన ఊళ్లో లేరు. ఆమె ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, లాకర్ రేకు తలుపు మీద రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టినట్టు పెట్టింది, కళ్లు మూసుకుని కొట్టింది. ఎడమ చిటికెన వేలు, అది షిఫ్ట్, కుడి చూపుడు వేలు పైకి, అంటే పెద్ద యు. ఒక్కో వేలూ ఎక్కడ పడుతోందో చూసుకుంటూ ఒక్కో అక్షరం బయటికి చదివింది, రేకు టకటకమంది, గుమాస్తా రెండడుగులు దూరం జరిగి మొహం అటు తిప్పుకున్నాడు. పద్నాలుగోది ఉంగరం వేలు, తొమ్మిది.

"ఎక్కింది" అన్నాడు కంపెనీ మనిషి.

"గూట్లో ఏడున్నాయి, ముందు వాటిని పక్కకి తీయండి."

"తీశాను. ఏడు."

"ఇప్పుడు ఫైలు తెరిచి లైను రాయండి. పైన పంతొమ్మిదున్నాయా?"

"పంతొమ్మిది." ఆమె చెప్పింది, అతను కొడుతూ తిరిగి చదివాడు, వేగంగా కొడతాడు, వేళ్లు బలంగా పడుతున్నాయి, ఆమె కీబోర్డు అంత బలానికి అలవాటుపడింది కాదు. "తగిలించాను. వచ్చాయి. ఏడూ లోపల వేశాను. అక్క చూస్తోంది."

"వచ్చాయి!" అని ఎక్కడో వినపడింది.

పదీ యాభై ఏడు. గుమాస్తా తాళం చెవి చూపించాడు.

"ఇప్పుడు రీబూట్ చెయ్యండి" అంది సర్వరమ్మ.

"మళ్లీనా? అవసరం లేదు మేడమ్, ఫైల్లోంచే చదివించి చూశాను, సరిపోతుంది."

"సరిపోతుందనుకుని రెండుసార్లు ఫెయిలయ్యాను. ఎమర్జెన్సీకి చెప్పి పావుగంట కాగితం మీద రాసుకోమనండి, అక్క చెప్తుంది. తర్వాత రీబూట్ చెయ్యండి. లేవకపోతే..." లేవకపోతే ఏం చెయ్యాలో అతనికి తెలుసు, అతను ఈ పరీక్ష పాసయినవాడు, పాస్‌వర్డ్ కూడా ఉంది. "లేవకపోతే మీరు చూసుకోండి."

"మీకు ఫోన్ చేసి చెప్పాలా?"

"ఒంటిగంటన్నర దాకా నాకు ఫోనుండదు."

అవతల ల్యాబ్ అక్క "ఇప్పుడే కదా లేచింది, పాపం, మళ్లీ పడుకోబెడతారా" అంటోంది, ఎవరితో అంటోందో తెలీదు, ఆమె ఫోన్ ఆపేసి లాకర్లో పెట్టింది. గుమాస్తా ఇంకోసారి చేతులు చాపమన్నాడు, చాపింది, ఇంకోసారి సంతకం పెట్టమన్నాడు, పెట్టింది. "మా బావమరిదిది కూడా ఆసుపత్రి ఉద్యోగమేలెండి" అన్నాడు తలుపు పట్టుకుని, ఎందుకన్నాడో అతనికే తెలియాలి.

లోపల గదిలో తొమ్మిది బల్లలున్నాయి, ఆమెది ఆరోది. కుర్చీ ఎత్తు ఎక్కువ, దించుకుంది. తెర మీద నియమాలు వచ్చాయి, చివరిదాకా చదివింది, మూడోసారైనా చదివింది. పావుగంట తర్వాత ఆ మిషన్ లేచినా లేవకపోయినా, ఇవాళ పాసయినా కాకపోయినా, ఆ పద్నాలుగు అక్షరాలు ఇక ఆమెవి కావు, పాసయితే కొత్తవి పెట్టుకోవాలి, కాకపోతే అతను పెట్టుకుంటాడు. దాని మీద దిగులు వస్తుందేమోనని చూసింది. రాలేదు, మెడ వెనక నొప్పి మాత్రం ఉంది. మొదటి పని తెర మీదకొచ్చింది. ఈ మిషన్ రూట్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరా లేదు, లోపలికి వెళ్లి కొత్తది పెట్టండి. దానికి దారి ఒకటే, నడుస్తున్నదాన్ని ఆపాలి, అది లేచేటప్పుడు మధ్యలో పట్టుకోవాలి. పదకొండు దాటి నాలుగు నిమిషాలు. అక్కడ దానిది ఇప్పుడు ఆరో నిమిషం అయి ఉంటుంది, డిస్కుల దగ్గరికి వచ్చి ఉంటుంది, లేకపోతే ఎక్కడో ఆగిపోయి కంపెనీ మనిషి ముందు నల్ల తెర ఉండి ఉంటుంది. అడగడానికి ఎవరూ లేరు. ఆమె కళ్లజోడు సర్దుకుని, తన ముందున్న మిషన్ని ఆపింది.